మూడోనాటి నవ్వు

నాన్న పోయిన మూడో రోజు మా ఇంట్లో నవ్వు పుట్టించిన మాట మా అవ్వ అన్నది కాదు, నేను అన్నది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటు నాకు అప్పటికే ఉంది. కానీ ఆ రోజు పేజీలో వాన పడిందని మాత్రమే రాసుకున్నాను. ఆ మధ్యాహ్నం మా ముందు గదిలో కూర్చున్న ఆడవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు మాత్రం ఈనాటికీ "కొడుకు పోయిన మూడోనాడు కూడా కొండమ్మవ్వ నోరు ఎట్ల పలికినాదో చూడు" అని చెప్పుకుంటారు. నేను తల వంచుకుని వింటాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. చుట్టాలు వస్తే నీళ్ళ చెంబు ఇచ్చి తలుపు వెనక్కి పోయే పిల్లని. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే నమ్మేవాళ్ళు లేరు. అందుకే దాచడం నాకు కష్టం కాలేదు.

కొండమ్మవ్వ నాన్నకి తల్లి. పోయిన ఆడి నెలలో, ఆషాఢంలో, ఆమె కూడా వెళ్ళిపోయింది. ఆమె రేకు పెట్టె తెరవడానికి అమ్మకి చాలా రోజులు మనసు రాలేదు. ఈ వారం ఇద్దరం కూర్చుని తీశాం. పైన చీరలు, ఆకూ వక్కా పెట్టుకునే సంచి, అడుగున పాత పంచె గుడ్డలో చుట్టిన రెండు కొబ్బరి చిప్పలు. చిప్పల అంచులు అరగదీసి నున్నగా చేసి, లోపల దూది కూరి, రెండింటినీ నాడాతో కలిపి కట్టి ఉన్నాయి. అమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, "ఏమ్మే ఇవి? నూనె కొలిచేదానికా?" అని అడిగింది. తెలీదన్నాను. నాకు తెలుసు. అవి మా తాత రొమ్ములు.

తాత నాటకాల కంపెనీలో ఆడవేషాలు కట్టేవాడు. నేను పుట్టకముందే పోయాడు కాబట్టి నాకు తెలిసిన తాత అంతా అవ్వ చెప్పిన తాతే. కోతలు అయిపోయాక చోళపురంలో, మంసాపురంలో, ఖాళీ పొలాల్లో పందిరి వేసి ఆడేవారట. అన్నీ ఏడుపు నాటకాలే. యుద్ధం నుంచి మొగుడి తలపాగా ఒక్కటే తిరిగి వస్తే చితి ఎక్కే రాణి, పెళ్ళి రాత్రే పాము కరిచి చనిపోయే పెళ్ళికూతురు, తెగిపోయే చెరువు కట్ట నిలవడానికి కొడుకుని బలి ఇచ్చే తల్లి. జనం తెల్లవార్లూ ఏడ్చి, ముక్కులు చీదుకుంటూ ఇళ్ళకి పోయేవారు. అవ్వ మాత్రం చంకలో బిడ్డతో తెర వెనక కూర్చుని చూసేది. ముందు నుంచి కనిపించే రాణి వేరు, వెనక నుంచి కనిపించే రాణి వేరు. వెనక నుంచి చూస్తే రాణి బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, వీపు గోక్కుని, జారిపోతున్న చిప్పని మోచేత్తో పైకి నెట్టుకుని చితి ఎక్కేది. ఒకసారి చోళపురంలో ఎడమ చిప్ప పొట్ట మీదకి జారింది. రాణి కడుపుతో ఉండగానే అగ్నిలో దూకిందని ముందు వరసలో ఆడవాళ్ళు ఇంకా గట్టిగా ఏడ్చారట.

"నీ తాత మొగుడి కోసరం ఎన్ని తూర్లు అగ్గిలో దూకినాడో లెక్క లేదు పాపా," అనేది అవ్వ. "పెండ్లాం కోసరం ఒక్క తూరి పొయ్యి ముట్టించినాడా అడుగు."

మాది తమిళనాడు కాబట్టి నాటకాలు అరవంలో ఆడేవారు. అవ్వ వాటిని మళ్ళీ చెప్పడం మాత్రం మా తెలుగులో. మా తెలుగు ఆంధ్రావాళ్ళు వింటే సగం అరవమే అంటారు. కానీ మాకు లాలిపాటలూ తిట్లూ అందులోనే వచ్చు. ఆ కథల్లో ఏడుపంతా అరవంలోనే ఉండిపోయి, మా తెలుగులోకి వచ్చేసరికి నవ్వు ఒక్కటే మిగిలేది. మామూలు నవ్వు కాదు. పెళ్ళయిన ఆడవాళ్ళు మాత్రమే వినాల్సిన నవ్వు.

మా వీధిలో అప్పుడు ఇంటింటా బ్యాండేజి పని. మగ్గాల మీద నేసిన పల్చటి గుడ్డని కంపెనీవాళ్ళు తెల్లగా చలవ చేసి, పీలికలుగా కోసి, మూటలు కట్టి ఇళ్ళ ముందు దించేవారు. వాటిని బిగువుగా చుట్టలు చుట్టి తిరిగి ఇవ్వాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ముందు గదిలో అవ్వ, అమ్మ, ఎదురింటి ఎస్తరు అక్క, ఇంకో ఇద్దరు ముగ్గురు గోడలకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. గదంతా బ్లీచింగు వాసన, దాని మీద అవ్వ నమిలే పొగాకు వాసన. కిటికీలోంచి పడే ఎండలో దూది నలకలు ఎగురుతూ ఉండేవి. సాయంత్రానికి అందరి కనురెప్పలూ తెల్లబడేవి. ఆ పనిలో ఒకటే కష్టం. చుట్టడం మొదలుపెట్టాక మధ్యలో చెయ్యి సడలకూడదు. సడలితే చుట్ట వదులైపోతుంది, వదులైన చుట్టలున్న మూట వెనక్కి వస్తుంది. నవ్వితే చెయ్యి సడలుతుంది. అందుకని అవ్వ కథని గుడ్డ పొడుగుకి కొలిచి చెప్పేది. పీలిక నడుమ ఉన్నంతసేపూ రాణి సింగారం, రాజు పరాక్రమం, కోట గోడల ఎత్తు. చేతులన్నీ చివరికి వచ్చి, అంచు లోపలికి దోపి, చుట్టలు ఒళ్ళో పడేదాకా ఆగేది. అప్పుడు వదిలేది అసలు మాట.

"పెండ్లికొడుకు దీపం చిన్నది చేసినాడు," అని మొదలుపెట్టేది పాము నాటకం. "పాము కిటికీలో నించి దిగి వచ్చినాది. దానికి దేవుడిచ్చిన పని, పెండ్లికూతుర్ని కరవాల. మంచం కాడికి వచ్చినాది. పడగ ఎత్తినాది. చూసినాది..." చేతులు చివరికి వస్తున్నాయి. అవ్వ నోట్లో ఆకు అటు నుంచి ఇటు మారుతోంది. చుట్టలు ఒళ్ళో పడ్డాయి. "చూసి, 'ఛీ, నేను పాముగా పుట్టి కూడా ఇన్ని మెలికలు తిరగలేదే' అని సిగ్గుపడి, పోయి కొట్టంలో ఎలకని కరిచి పండుకునింది."

ఎస్తరు అక్క గోడకి తల కొట్టుకునేది. "అత్తా, ఆదివారం చర్చిలో కండ్లు మూసుకుంటే నాకు నీ పామే కనిపిస్తాది. ఆ పాపం నీకే."

"నీ దేవునితో నేను చెప్పుకుంటాలే. ఆయనకి మాత్రం నవ్వు రాదా?"

ఇవన్నీ నేను గదిలో ఉండి విన్నవి కావు. కథ ఆ మలుపుకి వస్తోందనగా అవ్వ నా వైపు చూడకుండానే, "పాపా, పోయి మేకకి ఆకు వెయ్యి పో" అనేది. మాకు మేక లేదు. ఎప్పుడూ లేదు. నేను లేచి వంటింటి తలుపు వెనక నిలబడేదాన్ని. ఆ తలుపు సందులోంచి అవ్వ మొహం కనిపించేది కాదు, అమ్మ చేతులు కనిపించేవి. అందువల్ల అసలు మాట ఎప్పుడు వస్తుందో నాకు అమ్మ చేతుల్ని బట్టి తెలిసేది. ఆ కథలన్నీ నాకు నోటికి వచ్చేశాయి. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చేస్తూ, అవ్వ గొంతుతో, ఆకు నములుతున్నట్టు దవడ ఆడిస్తూ నాకు నేనే చెప్పుకునేదాన్ని. బయట పదిమందిలో నా పేరు చెప్పడానికే గొంతు రాని దాన్ని, ఆ తడి గోడల మధ్య రాణినీ సిపాయినీ పామునీ కూడా అయ్యేదాన్ని.

అమ్మకి అన్నిట్లోకీ తలపాగా నాటకం ఇష్టం. అమ్మ పేరు విజయ, నెమ్మదైన మనిషి. అత్తగారి ముందు పెద్దగా నవ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ నాటకంలో సిపాయి తలపాగా తెచ్చి ఇస్తాడు, రాణి చితి దగ్గరికి వస్తుంది. అక్కడ ఒక మాట అంటుంది. తర్వాత చితి ఎక్కకుండా తళవాయిపురం బస్సు ఎక్కి మొగుడిని వెతకడానికి పోతుంది. రాణికి బస్సు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఒక రోజు కల్లంగడి దగ్గర దిగేది, ఒక రోజు రాజు పాత స్నేహితురాలి వాకిట్లో దిగి ఆమె పెరట్లో ఆరేసిన పంచెలు లెక్కపెట్టేది. ఈలోగా మూట పూర్తయ్యేది, ఆడవాళ్ళు ఒళ్ళు దులుపుకుని లేచేవారు. కొడుకుని బలిచ్చిన తల్లి నాటకాన్ని మాత్రం అవ్వ ముట్టుకునేది కాదు. ఎవరైనా అడిగితే, "దాంట్లో నవ్వేదానికి ఏమీ లేదు" అని ఇంకో పీలిక తీసుకునేది.

మూటలు తీసుకుపోవడానికి నాన్నే వచ్చేవాడు. కంపెనీకి లోడు ఆటో తోలేవాడు. బండి వాకిట్లో ఆపి, లోపల నవ్వు వినిపిస్తే హారను కొట్టకుండా సీట్లోనే కూర్చునేవాడు. ఒకసారి నేను నీళ్ళు తీసుకెళ్ళి, "నాయనా, లోపలికి రాలేదా?" అని అడిగాను. "నేను వచ్చినానంటే మీ అమ్మ నవ్వు ఆపేస్తాది. ఉండనీ," అన్నాడు. తువ్వాలు తలకి చుట్టుకుని, స్టీరింగు మీద గడ్డం ఆనించి, మా ఇంటి గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ తువ్వాలు లేకుండా నాన్నని తలుచుకోవడం నాకు ఇప్పటికీ రాదు.

అవ్వ కథలకి ఇంకొక చోటు ఉండేది. అది చావిల్లు. మా వీధికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆచారం ఒకటుంది. ఎవరైనా పోతే మూడో రోజు శ్మశానంలో పాలు పోసి వచ్చాక, మగవాళ్ళు వీధి చివర టీ అంగడికి పోతారు. ఆడవాళ్ళు తలుపు దగ్గరికి వేసి కూర్చుంటారు. వండిన అన్నం మూత పెట్టి మధ్యలో ఉంచుతారు. పక్కింటామె ఒకరు, చనిపోయినవాళ్ళ భార్యనో తల్లినో, ఎవరి దుఃఖం పెద్దదో వాళ్ళని, "ఏ నాటకం?" అని అడగాలి. అడిగించుకున్నామె పేరు చెప్పాలి. చెప్పాక అవ్వ ఆ నాటకం చెప్పేది. ఆమె ఒక్కసారైనా నవ్వాలి. నవ్వాకే కుండ మీద మూత తీసేవారు. తెలియనివాళ్ళకి ఇది చెబితే మొహం చిట్లిస్తారు. నేను కాలేజీలో ఒక స్నేహితురాలికి చెప్పబోయి ఆపేశాను. కానీ ఎన్ని ఇళ్ళల్లో ఆ మూత లేవడం చూశానో నాకు తెలుసు. మూడు రోజులుగా బిగుసుకుపోయి కూర్చున్న మనిషి, వద్దు వద్దంటూనే ముక్కు పుటాలు అదిరి, నవ్వి, ఆ నవ్వులోంచే భళ్ళున ఏడ్చి, తర్వాత పసిపిల్లలా చెయ్యి చాపి అన్నం అడిగేది.

నాన్నని శ్రీవిల్లిపుత్తూరు రోడ్డు మీద లారీ కొట్టింది. ఆయనతో పనిచేసే ఒకతనికి మా ఇంటికి వచ్చి ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. వాకిట్లో నిలబడి, ఏమీ అనకుండా, నాన్న తువ్వాలు అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని చూసి, "ఇది ఎందుకు నీ దగ్గర ఉంది?" అని మామూలుగా అడిగింది. ఆమె నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట అదే, ఆ తర్వాత మూడు రోజులు మాట లేదు. ఆసుపత్రి నుంచి నాన్న వచ్చినప్పుడు మొహమంతా బ్యాండేజి గుడ్డే. విప్పవద్దన్నారు. అమ్మ ఆయన మొహం చూడకుండానే శ్మశానానికి తీసుకుపోయారు. ఆమె ఏడవలేదు, అరవలేదు. మంసాపురం నుంచి వచ్చిన మా అమ్మమ్మ గంజి గ్లాసు నోటికి ఆనిస్తే పళ్ళు బిగించేది. పెదవులు పగిలాయి. అవ్వ రెండు రోజులూ గొంతు పోయేదాకా ఏడ్చింది, కానీ ఏడుస్తూనే మాటిమాటికీ అమ్మ వైపు చూసేది. "నా కొడుకు ఎట్లాగూ పోయినాడు. ఇది కూడా పోతాదేమో చూడండమ్మా," అని వచ్చినవాళ్ళందరితో అనేది. నాకు ఆ మాటే భయం. రాత్రి అమ్మ పక్కన పడుకుని ఆమె ఊపిరి వింటూ ఉండేదాన్ని.

మూడో రోజు పాలు పోసి వచ్చారు. మగవాళ్ళు వెళ్ళిపోయారు. బయట సన్నగా వాన. అన్నం కుండ మధ్యలో పెట్టారు. నేను అలవాటు కొద్దీ వంటింటి తలుపు వెనక ఉన్నాను. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె మెల్లగా అంది: "వద్దులేమ్మా. ఆమె కన్నతల్లి గదా, ఆమెను పోయి చెప్పమంటామా? ఈ తూరి ఊరికే మూత తీసేద్దాం."

అవ్వ నోట్లో మూడు రోజులుగా ఆకు లేదు. పెదవులు ఎండి, మనిషి చిన్నదైపోయింది. "గమ్మునుండండి," అంది. "ఎస్తరూ, దాన్ని అడుగు."

ఎస్తరు అక్క అమ్మ ముందుకి జరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. "విజయా, ఏ నాటకం?"

అమ్మ చేతులు ఒళ్ళో అలాగే పడి ఉన్నాయి.

"ఏ నాటకం రా కన్నా? ఏదన్నా ఒకటి చెప్పు. పాముదా? పాముది చెప్పమందామా?"

తర్వాత అమ్మ, పొడిబారిన గొంతుతో, "తలపాగా" అంది.

ఎవరో "అయ్యో" అన్నారు. ఎస్తరు అక్క చేత్తో నోరు మూసుకుంది. ఆ తువ్వాలు అప్పటికీ దండెం మీదే ఉంది, ఎవరికీ తీయడానికి చేతులు రాలేదు. అవ్వ కళ్ళు మూసుకుంది. వద్దంటుందని అనుకున్నాను. కానీ ఆచారం ప్రకారం అడిగిన నాటకం మార్చకూడదు. అవ్వ మొదలుపెట్టింది.

"అనగనగా ఒక రాజు. ఆ రాజు యుద్ధానికి పోతా పోతా రాణితో చెప్పినాడు, నేను గెలిస్తే నేనే వస్తా, ఓడిపోతే నా తలపాగా వస్తాది, అని..."

గొంతులో ఎత్తుపల్లాలు లేవు. పాఠం అప్పజెబుతున్నట్టు చెబుతోంది. తలుపు సందులోంచి నాకు ఎప్పటిలాగే అమ్మ చేతులు కనిపించాయి. అవి కదిలాయి. మూడు రోజులుగా చచ్చినట్టు పడి ఉన్న చేతులు కొంగు అంచు పట్టుకుని, బిగువుగా, సడలకుండా చుట్టడం మొదలుపెట్టాయి. చేతిలో బ్యాండేజి లేదని ఆమెకి తెలియదు. అవ్వ కోట గోడలు దాటింది, యుద్ధం దాటింది. సిపాయి వచ్చాడు. "సిపాయి వాకిట్లో నిలబడినాడు. నోరు పెగల్లేదు. తలపాగా తీసి రాణి చేతిలో..."

ఆగిపోయింది. కొంగు మొహం నిండా కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

అమ్మ చేతులు మాత్రం ఆగలేదు. కొంగు చివరికి వచ్చింది. అంచు లోపలికి దోపింది. చుట్ట ఒళ్ళో పడింది. ఆమె తల ఎత్తింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. మెట్టు ఉందనుకుని కాలు వేసిన మనిషి చూపు అది. మాట ఇప్పుడే రావాలి. ఇంకొక్క ఊపిరి ఆలస్యమైతే ఆమె మళ్ళీ ఆ చోటికే వెళ్ళిపోతుందని, ఈసారి వెళితే రాదని నాకు అనిపించింది. ఆలోచించి చేసింది కాదు. తలుపు వెనక నుంచి, స్నానాల గదిలో మాట్లాడే గొంతుతో, ఆకు నమిలే అవ్వ గొంతుతో, రాణి మాట వచ్చేసింది.

"తలపాగా తెచ్చి చూపిస్తే ఎట్ల గుర్తుపట్టేది రా సిపాయి? పెండ్లయిన నాటి నించి వాడు దీపం ఆర్పినాకనే వచ్చినాడు. మొగాన్ని నేను ఎప్పుడు చూసినాను? నడుం కింద ఏమన్నా మిగిలి ఉంటే తెచ్చి ఇయ్యి, తడిమి చెప్తాను నా మొగుడో కాదో."

అవ్వ మొహం కొంగు కింద ఉంది. మాట ఆ కొంగు కింద నుంచే వచ్చిందని అందరూ అనుకున్నారు. ముందుగా ఎస్తరు అక్క నుంచి ఒక పిచ్చి కూత వచ్చింది. ఆమె ముందుకి పడిపోయి నేల మీద చేత్తో కొట్టింది. ఆ తర్వాత అమ్మ. కొంగు ఒళ్ళో చుట్టగా ఉండిపోయింది, నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. తల వెనక్కి వాల్చి, పగిలిన పెదవుల నుంచి రక్తం వస్తుంటే, ఇంటి బయట ఆటోలో కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించేంత గట్టిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, "నేను చూడలేదు అత్తా," అంది. "మొగం నేను చూడలేదు అత్తా. చూపించలేదు నాకు." అని అవ్వ ఒళ్ళో పడి ఏడ్చింది. మూడు రోజుల ఏడుపూ ఏడ్చింది. అవ్వ ఆమె తల పట్టుకుని, కొంగు తీయకుండానే, బొంగురు గొంతుతో మిగతాది చెప్పింది. రాణి చితి దగ్గర నుంచి చెప్పులేసుకుని బస్టాండుకి పోవడం, చితికి తెచ్చిన నెయ్యి వృథా పోతుందని డబ్బా చంకన పెట్టుకోవడం, కండక్టరు నెయ్యికి కూడా టికెట్టు అడగడం. ఎవరో కుండ మీద మూత తీశారు. అమ్మ తింది.

ఆ మాట ఎవరిదో అవ్వకి తెలుసు. ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పని మళ్ళీ మొదలైన రోజు నేను తలుపు వైపు పోతుంటే, "ఎక్కడికే?" అంది. మేకకి ఆకు వెయ్యడానికి అని చెప్పాలా వద్దా అని నిలబడ్డాను. అవ్వ తన పక్కన నేల తుడిచి, పీలికల కట్ట ఒకటి అక్కడ పెట్టింది. అంతే. ఆ తర్వాత నన్ను ఎన్నడూ బయటికి పంపలేదు. అయితే అవ్వ కథలు తగ్గిపోయాయి. చెరువు కట్ట నాటకం ఎవరూ అడగలేదు, అవ్వ చెప్పలేదు. కానీ కొన్ని మధ్యాహ్నాలు పీలిక సగంలో చెయ్యి ఆపి ఎటో చూస్తూ ఉండిపోయేది. ఆ నాటకం ఆమె లోపల ఆడుతోందని మాకు తెలిసేది. అమ్మ ఆ చుట్ట మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని తను పూర్తి చేసేది.

కాలేజీలో నాకు సాహిత్యం పాఠాల్లో పెద్ద పెద్ద విషాద నాటకాలు పెట్టారు. క్లాసులో అమ్మాయిలు కళ్ళు తుడుచుకుంటుంటే నేను పెదవి కొరుక్కుని కూర్చునేదాన్ని. ఏ రాణి విషం గిన్నె ఎత్తినా నా చెవిలో అవ్వ ఆకు నమిలేది. ఇంటికి వచ్చి ఆ కథల్ని అవ్వకి చెప్పేదాన్ని. దొరసాని విషం తాగే ఘట్టం చెబితే అవ్వ చాలాసేపు ఆలోచించి, "అన్ని పావడాలు కట్టుకున్నది గదా, తాగేదానికి ముందు ఒంటికి పోయి వచ్చినాదా?" అని అడిగింది. "లేకపోతే చచ్చేది పక్కన పెట్టు, ఆ నాడాలు విప్పేలోపల తెల్లారిపోతాది." అమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. ఆ నవ్వు వినడానికే నేను ఆ నాటకాలన్నీ చదివానేమో. పరీక్షలో మార్కులు మామూలుగానే వచ్చాయి.

ఇప్పుడు చుట్టలు యంత్రాలు చుడుతున్నాయి. అమ్మ పొద్దున్నే వ్యానులో కంపెనీకి పోయి, జుట్టుకి టోపీ పెట్టుకుని, యంత్రం చుట్టి పడేసినవాటిని డబ్బాల్లో పెడుతుంది. అక్కడ మాట్లాడకూడదు. యంత్రం చప్పుడులో మాట్లాడినా వినపడదు. జీతం అప్పటికన్నా నయం, నడుం నొప్పి తక్కువ, ఎవరి మూటా వెనక్కి రాదు. ఇది మంచికే అని అమ్మ అంటుంది, నేనూ ఒప్పుకుంటాను. నేను ఒక మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాను. అక్కడా ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఎస్తరు అక్క కొడుకు దగ్గరికి తిరుప్పూరు వెళ్ళిపోయింది. నాటకాల పందిళ్ళు వేసిన పొలాల్లో ప్లాట్ల రాళ్ళు ఉన్నాయి. మనిషి పోతే అద్దె ఐసు పెట్టె వస్తుంది, అద్దె కుర్చీలు వస్తాయి, కర్మలన్నీ సెలవు దొరికిన రోజుకి జరుపుకుంటారు. తప్పని నేను అనను. దుఃఖానికి కూడా డ్యూటీ వేళలు ఉంటాయి కదా.

అవ్వ పోయిన మూడో రోజు నేను పొద్దున్నే తలకి పోసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. నేను సిద్ధంగా ఉన్నాను. ఈసారి తలుపు వెనక నుంచి కాదు, గది మధ్యలో, నా గొంతుతో చెప్పాలని. రాత్రంతా తలపాగా నాటకం లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. అడిగితే చెప్పేదాన్ని. కానీ ఇంటివాళ్ళు తమంతట తాము చెప్పకూడదు, బయటివాళ్ళు అడగాలి. కంపెనీ ఆడవాళ్ళు వ్యానులో వచ్చారు, అమ్మ చెయ్యి పట్టుకున్నారు, షిఫ్టుకి టైమైందని వెళ్ళిపోయారు. చుట్టాల ఆడపిల్లలు గోడలకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. పెద్దవాళ్ళు ఇద్దరు ఉన్నారు. వాళ్ళకి గుర్తుందనే అనుకుంటాను, కానీ కుర్రవాళ్ళ ముందు అడగడానికి మొహమాటపడ్డారు. నేను ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. చివరికి క్యాటరింగు అబ్బాయి వచ్చి, "వడ్డించేదా అక్కా?" అన్నాడు. అమ్మ నవ్వకుండానే, ఏడవకుండానే తింది. చెయ్యి కడుక్కుని వచ్చి, పొద్దు వంక చూసి, రేపు డ్యూటీకి పోవాలంది.

అవ్వ పోయే ముందు వారం మంచం మీదే ఉంది. మాట సన్నబడింది, మింగడం కష్టమైంది. ఒక సాయంత్రం నేను చెంచాతో గంజి పోస్తూ, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. అన్ని కథల్నీ అవ్వ నవ్వు దగ్గరే వదిలేసేది. మూట పూర్తయ్యేది, లేచిపోయేవాళ్ళం. రాణి బస్సెక్కి ఎక్కడెక్కడో వెతికింది కదా, చివరికి ఏమైందో ఎవరం వినలేదు. "అవ్వా, రాజు దొరికినాడా?" అన్నాను. అవ్వ గంజి మింగి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని గిన్నె పక్కన పెట్టాను. వంటింట్లో అమ్మ డ్యూటీ నుంచి వచ్చి బియ్యం కడుగుతోంది, ఆ నీళ్ళ చప్పుడు వస్తోంది. "చెప్పవ్వా. రాణి ఏమైనాది?" అని మళ్ళీ అడిగాను. కళ్ళు తెరవకుండానే చెప్పింది. మర్నాటి నుంచి ఆమెకి మాట లేదు. నాతో అన్నది అదే ఆఖరు.

"ఏమవుతాది పాపా. వెతికి వెతికి ఇంటికి వచ్చినాది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టినాది. ఒక పిడికెడు తక్కువ వేసినాది."